డాబా మీద గ్రహణం

సూర్యగ్రహణానికి ఉన్న గిరాకీ చంద్రగ్రహణానికి లేదండీ. ఇది అన్యాయమని నా ఫిర్యాదు. సంపూర్ణ సూర్యగ్రహణమంటే చాలు, అప్పు చేసైనా ఖండాలు దాటి వెళ్లేవాళ్లున్నారు. 1868 ఆగస్టు 18న మన గుంటూరు మీదుగా అలాంటిదొకటి వెళితే, జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఫ్రాన్సులో ఓడెక్కి పరికరాలన్నీ మోసుకుని గుంటూరు దాకా వచ్చాడు. ఆ రోజు సూర్యుడి అంచున లేచిన ఎర్రటి జ్వాలల వెలుగును విడదీసి చూశాడు. హీలియం కథ అక్కడే మొదలైంది. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి గారు అదే గ్రహణం కోసం వనపర్తి వెళ్లారు. మరి చంద్రగ్రహణం కోసం ఎవరైనా సముద్రాలు దాటి గుంటూరు వచ్చినట్టు ఎక్కడైనా చదివారా? రారు. రావలసిన పని లేదు కనక. ఆ వేళకి చంద్రుడు ఆకాశంలో ఉన్న ప్రతి ఊరికీ, అంటే దాదాపు సగం భూమికి, అదే గ్రహణం అదే క్షణంలో కనిపిస్తుంది. పిలవకుండా ఇంటికొచ్చిన చుట్టానికి మర్యాద తక్కువన్నట్టుంది దీని పరిస్థితి.

దీనికి నల్ల కళ్లద్దాలు అక్కర్లేదు. పాత ఎక్స్‌రే ఫిల్ములు వెతకనక్కర్లేదు. పౌర్ణమి చంద్రుణ్ణి రోజూ చూసే కళ్లతోనే చూడొచ్చు, పైగా గ్రహణం పట్టాక వెలుగు ఇంకా తగ్గుతుంది. సూర్యగ్రహణంలో సంపూర్ణ దశ నాలుగైదు నిమిషాలు దక్కితే అదృష్టమంటారు. ఇక్కడ చంద్రుడు చాలాసార్లు గంట పైనే ఇస్తాడు. 2018 జులై 27 రాత్రి వచ్చినదైతే ఏకంగా 103 నిమిషాలు, ఈ శతాబ్దం మొత్తానికి అదే పొడుగైనది. అంతసేపుంటుంది కనకే చాలామంది ఓసారి బాల్కనీలోంచి తొంగిచూసి, "ఆ, ఎర్రగా ఉంది" అనేసి వెళ్లి పడుకుంటారు. అసలు రుచి అంతా ఆ తర్వాతే.

2025 సెప్టెంబర్ 7 సంగతి తీసుకుందాం. భాద్రపద పౌర్ణమి, ఆదివారం. హైదరాబాదులో ముందురోజే ఖైరతాబాద్ గణపతి హుస్సేన్ సాగర్‌లో కలిశాడు. వానాకాలం కనక పొద్దుట్నుంచీ మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. ఇలాంటి రోజున గ్రహణం చూడాలనుకునేవాడికి మొదటి అడ్డంకి మబ్బు అనుకుంటున్నారేమో, కాదు. డాబా తలుపు. అపార్ట్‌మెంట్లలో దానికి ఎప్పుడూ తాళమే. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ఊళ్లో. అందుకే గ్రహణం అనగానే నేను లెన్సు తుడవడం మొదలెట్టను, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుంటాను. తర్వాత ఓ చాప, ఓ దిండు, దోమల అగరొత్తులు. మీకు నవ్వొస్తుందేమో గానీ, దిండు విషయం ఇప్పుడే చెబుతాను.

ఆ రాత్రి గ్రహణం మధ్యలో ఉన్నప్పుడు హైదరాబాదు ఆకాశంలో చంద్రుడు దక్షిణాన, దాదాపు 65 డిగ్రీల ఎత్తున ఉన్నాడు. నడినెత్తికి కాస్త దిగువన అన్నమాట. అంత ఎత్తుకి కెమెరా ఎత్తిపెడితే, వెనకున్న తెర నేలవైపు తిరుగుతుంది. తెర మడత విప్పుకునే కెమెరా అయితే సరే. లేకపోతే ట్రైపాడ్ కింద మఠం వేసుక్కూర్చుని తల వెనక్కి వంచి చూడాలి. అలా పావుగంట చూశాక మెడ మనది కాదు. అందుకని పడుకుని చూడ్డం ఉత్తమం. పడుకుని చూసేవాడు ఎక్కువసేపు చూస్తాడు కూడా.

టైములకి సెల్‌ఫోనులో కావలసినన్ని యాప్‌లున్నాయి. నాకు మాత్రం దేవుడి గూట్లో ఉన్న పంచాంగమే ఇష్టం. అందులో అయిదు వేళలుంటాయి: స్పర్శ, నిమీలనం, మధ్యం, ఉన్మీలనం, మోక్షం. నీడ అంచు తాకేది, చంద్రుడు పూర్తిగా మునిగేది, నడిమధ్య, మళ్లీ వెలుగు తొంగిచూసేది, పూర్తిగా విడిచేది. ఆ రోజున స్పర్శ రాత్రి 9.57కి, నిమీలనం 11.01కి, మధ్యం 11.41కి, ఉన్మీలనం 12.23కి, మోక్షం 1.26కి. ఫొటోలు తీసేవాడికి ఇంతకంటే మంచి చీటీ ఎవరు రాసిస్తారు చెప్పండి? ఈ అయిదు వేళల్లో అయిదు మంచి ఫొటోలు దొరికితే గ్రహణమంతా దొరికినట్టే. తక్కినదంతా మెమరీ కార్డుకి బరువు.

మా మేనత్త ఆ రాత్రి మా ఇంట్లోనే ఉంది. ఆవిడ గ్రహణం చూడదు. సాయంత్రమే భోజనం ముగించి, ఆవకాయ జాడీ మీదా పాలగిన్నె మీదా దర్భలు వేసి, హాల్లో కుర్చీలో జపానికి కూర్చుంది. చేతిలో మాల, ఒళ్లో పంచాంగం. నేను నీళ్లకోసమో బ్యాటరీ కోసమో కిందికి దిగినప్పుడల్లా అడిగేది.

"ఒరే, నిమీలనం అయిందా?"

"అయిందత్తా. పదకొండు దాటి ఓ నిమిషం."

"చూశావా, అదే రాశాడు."

ఆవిడకి చంద్రుడితో పనిలేదు, లెక్క కుదిరిందా లేదా అన్నదే కావాలి. ఆ మాటకొస్తే నాసా వాళ్ల పట్టికలోనూ ఇవే వేళలు, మహా అయితే నిమిషం తేడా. చంద్రుడి మీద పడేది భూమి నీడేనని ఆర్యభటుడు 499లోనే ఆర్యభటీయంలోని గోళపాదంలో రాసిపెట్టాడు, నీడ కొలతలు కట్టే లెక్కతో సహా. రాహుకేతువులు కూడా ఆ లెక్కలోకి చక్కగా ఒదిగిపోయారు. చంద్రుడి దారి సూర్యుడి దారికి అయిదు డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ రెండు దారులూ కలిసే చోట్లే రాహువు, కేతువు. పౌర్ణమి ఆ కూడలి దగ్గర పడితేనే గ్రహణం, లేకపోతే చంద్రుడు నీడకి పైనుంచో కిందనుంచో తప్పుకుపోతాడు. నెలనెలా గ్రహణం రాకపోవడానికి కారణం ఇంతే.

ఇప్పుడు చూడ్డం సంగతి. ఆ రోజు ఉపచ్ఛాయ, అంటే అసలు నీడ చుట్టూ ఉండే పలచటి నీడ, 8.58కే మొదలైంది. పంచాంగం దాన్ని పట్టించుకోదు. సబబే, ఎందుకంటే మొదటి అరగంట పైచిలుకు కంటికేమీ తెలియదు. స్పర్శకి ఓ ఇరవై నిమిషాల ముందు ఎడమ కింది అంచున మసి అంటినట్టు కనిపిస్తుంది. మబ్బేమోనని కళ్లు నులుముకుంటాం. తొమ్మిదీ యాభై ఏడుకి ఆ మసి కాస్తా నిజంగానే చంద్రుణ్ణి తినడం మొదలెడుతుంది. ఈ గంటలో గమనించవలసింది ఆ నీడ అంచు. అది తిన్నగా ఉండదు, వంపు తిరిగి ఉంటుంది. భూమి ఎటువైపు తిరిగి ఉన్నా, ఏ గ్రహణంలో చూసినా, ఎప్పుడూ అదే గుండ్రటి వంపు. భూమి బంతిలా ఉందనడానికి అరిస్టాటిల్ చూపించిన సాక్ష్యాల్లో ఇదొకటి. పిల్లలకి ప్లాస్టిక్ గ్లోబు చూపించే బదులు దీన్ని చూపించండి, వాళ్లింక ఎవరి మాటా వినక్కర్లేదు.

ముప్పాతిక వంతు మునిగేదాకా నీడ ఉత్త నలుపులాగే ఉంటుంది. మిగిలిన తెల్లటి ముక్క కాంతికి కళ్లు జిగేలుమని, నీడలో ఉన్న రంగు తెలియదు. పదిన్నర దాటాక మెల్లగా ఇటుక రంగు తేలుతుంది. నిమీలనానికి కొద్ది నిమిషాల ముందు, చేతిలో మామూలు బైనాక్యులర్ ఉన్నా చాలు, వెలుగుకీ ఎరుపుకీ నడుమ సన్నటి నీలిపచ్చ అంచు పట్టుబడుతుంది. భూమి మీది ఓజోను పొర గుండా వచ్చిన వెలుగు అది. ఎరుపుని ఓజోను కొంత మింగేస్తుంది, నీలాన్ని వదులుతుంది. ఇది కాసేపే ఉంటుంది. ఉన్మీలనం దగ్గర రెండో అవకాశం. ఆ సమయంలో లెన్సు మార్చుకుంటూ కూర్చుంటే పోతుంది.

ఎరుపు ఎందుకో మీకు తెలిసే ఉంటుంది: భూమి చుట్టూ ఉన్న గాలిపొర సూర్యకాంతిని కాస్త లోపలికి వంచి నీడలోకి పంపుతుంది, దారిలో నీలం చెదిరిపోతుంది, ఎరుపు మిగులుతుంది. నాకు నచ్చే సంగతి ఏమిటంటే, ఆ ఎరుపు ప్రతిసారీ ఒకేలా ఉండదు. గాలిలో దుమ్మూ ధూళీ, ముఖ్యంగా అగ్నిపర్వతాల బూడిద ఉంటే చంద్రుడు నల్లబడిపోతాడు. ఇండోనేషియాలో ఆగుంగ్ పేలిన 1963లో డిసెంబరు చివర వచ్చిన గ్రహణం, ఫిలిప్పీన్సులో పినటూబో పేలాక 1992 డిసెంబరులో వచ్చిన గ్రహణం, రెండింటిలోనూ చంద్రుడు దాదాపు కనిపించకుండా పోయాడు. అంటే మన డాబా మీద పడుకుని భూమి ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూడొచ్చన్నమాట! దీనికి ఫ్రెంచి ఖగోళవేత్త డాంజోన్ ఒక కొలబద్ద పెట్టాడు, సున్నా నుంచి నాలుగు దాకా. సున్నా అంటే చంద్రుడు ఉన్నాడో లేడో తెలియనంత చీకటి, నాలుగంటే తళతళలాడే రాగి రంగు. పరికరాలేమీ అక్కర్లేదు, ఉత్త కంటితో చూసి నడిమధ్య వేళకి ఒక అంకె రాసుకోవాలి. సెప్టెంబరు 7న నేను రెండున్నర వేశాను. చంద్రుడు నీడ నడుమకి కొంచెం దక్షిణంగా వెళ్లాడు కనక కింది అంచు వెలుగ్గా, పై సగం ముదురుగా ఉంది. పక్క ఫ్లాటు కుర్రాడు మూడన్నాడు. వాదించుకోవడానికి గంటా ఇరవై నిమిషాల సమయం ఉంది.

ఇంకో సరదా లెక్కుంది. ఎర్ర చంద్రుడు ఏ నక్షత్రమంత వెలుగుతున్నాడో తేల్చడం. చంద్రుడు పళ్లెం, నక్షత్రం చుక్క, రెంటినీ పోల్చేదెలా? బైనాక్యులర్ తిరగేసి చూస్తే చంద్రుడు కూడా చుక్కవుతాడు, అప్పుడు పోల్చొచ్చు. హ్రస్వదృష్టి ఉన్నవాళ్లకి అది కూడా అక్కర్లేదు. కళ్లజోడు తీసేస్తే నక్షత్రమూ చంద్రుడూ రెండూ అలుక్కుపోయి ఒక సైజు కొస్తాయి. చత్వారం వచ్చేదాకా ఆ కళ్లజోడు వల్ల మనకి దొరికిన ఏకైక లాభం ఇదేనేమో.

ఫొటోల దగ్గరికి వద్దాం. చంద్రుడు మనం అనుకునేదానికన్నా చాలా చిన్నవాడు. అర డిగ్రీ, అంతే. లెన్సు ఎన్ని మిల్లీమీటర్లో దాన్ని 110తో భాగిస్తే సెన్సర్ మీద చంద్రుడు ఎంత పడతాడో వస్తుంది. 50 మిల్లీమీటర్ల లెన్సుతో అర మిల్లీమీటరు కూడా రాడు. 300తో రెండున్నర దాటుతాడు. కనక కెమెరా కొన్నప్పుడు ఇచ్చిన లెన్సుతో మచ్చలన్నీ కనిపించే చంద్రుణ్ణి తీద్దామనుకోకండి, దానికి వేరే పని ఉంది, తర్వాత చెబుతాను.

కొత్తవాళ్ల మొదటి ఫొటోలో చంద్రుడు తెల్లటి సున్నంలా వస్తాడు. ఎందుకంటే చుట్టూ చీకటి చూసి కెమెరా కంగారుపడి వెలుగు ఎక్కువ పట్టుకుంటుంది. నిజానికి పౌర్ణమి చంద్రుడంటే ఎండలో పడున్న రాయి, అంతే. పగటిపూట రాయిని తీసినట్టే తీయాలి: ఐఎస్ఓ 100, ఎఫ్/8, సెకనులో రెండువందలో వంతు. ఇదే చంద్రుడు గ్రహణంలో పూర్తిగా మునిగాక ఐఎస్ఓ 1600 పెట్టి, ఎఫ్/5.6కి తెరిచి, ఒక సెకను ఆగినా కష్టంగా వస్తాడు. లెక్కేస్తే ఆరువేల రెట్లకి పైగా తేడా. ఒక్క గంటలో ఇంత మారే వస్తువు మనకి మామూలుగా కెమెరా ముందు దొరకదు. ఆటోమేటిక్‌కి వదిలేస్తే రెండు చివర్లా ముంచుతుంది, మాన్యువల్‌లోనే ఉండండి.

ఒక సెకనంటే మళ్లీ ఇంకో చిక్కు. భూమి తిరుగుతోంది కదా, 300 లెన్సులో ఆ సెకనుకే చంద్రుడు నాలుగైదు పిక్సెళ్లు జరిగిపోతాడు, మచ్చలు అలుక్కుపోతాయి. ఐఎస్ఓ 3200కి పెంచి అర సెకనులో తీస్తే కొంచెం గరుగ్గా ఉన్నా గీతలు నిలుస్తాయి. గరుకు తర్వాత తగ్గించుకోవచ్చు. అలుక్కుపోయింది ఏం చేసినా తిరిగి రాదు. వేలితో బటన్ నొక్కకుండా రెండు సెకన్ల టైమరు పెట్టుకోండి. ట్రైపాడ్ మీదున్నప్పుడు లెన్సులో ఉండే కుదుపు నివారణ ఆపెయ్యండి, లేని కుదుపుని వెతుక్కుంటూ అదే కుదిపేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఫోకసు. చంద్రుడు ఎర్రబడ్డాక ఆటోఫోకసు చేతులెత్తేస్తుంది, ముందుకీ వెనక్కీ గుర్‌గుర్‌మంటుంది తప్ప ఆగదు. కాబట్టి స్పర్శకి ముందే, నిండు చంద్రుడు ఉన్నప్పుడే, తెర మీద పెద్దది చేసుకుని దక్షిణాన ఉండే టైకో బిలం చుట్టూ గీతలు పదునుగా కనిపించేదాకా చేత్తో తిప్పండి. పదును దొరికాక ఆటోఫోకసు ఆపేసి, ఫోకసు రింగు మీద ఓ సెల్లోటేపు ముక్క అంటించండి. చీకట్లో చెయ్యి తగిలి కదిలిందంటే మళ్లీ దొరకడం కష్టం. ఈ టేపు ముక్క ఖరీదు పది పైసలుండదు, నా సంచిలో దానికిచ్చినంత గౌరవం ఇంకే వస్తువుకీ ఇవ్వను.

సగం పట్టి సగం వెలుగుగా ఉన్నప్పుడు ఒక ఫొటోలో రెండూ రావు. వెలుగు ముక్కకి సరిపెడితే ఎరుపు నల్లగా పోతుంది, ఎరుపుకి సరిపెడితే వెలుగు పేలిపోతుంది. కంటికి మాత్రం నిమీలనానికి ముందు ఆ కాసిని నిమిషాలు రెండూ కలిసి కనిపిస్తాయి. ఆ దృశ్యాన్ని కెమెరాకి వదిలెయ్యొద్దని నా సలహా. రెండు రకాలుగా ఒక్కో ఫొటో తీసి పక్కకి జరిగి చూడండి.

ఇక చిన్న లెన్సు పని. 18 లేదా 24 మిల్లీమీటర్ల వెడల్పులో ట్రైపాడ్‌ని కదపకుండా ఒకేచోట ఉంచి, పది నిమిషాలకో ఫొటో తీసుకుంటూ పోతే, తర్వాత అన్నీ కలిపితే చంద్రుల వరస వస్తుంది. చంద్రుడు ఆకాశంలో తన వెడల్పంత జరగడానికి రెండు నిమిషాలే పడుతుంది కనక ఒకదాని మీద ఒకటి పడవు. స్పర్శ నుంచి మోక్షం దాకా మూడున్నర గంటల్లో యాభై డిగ్రీలకి పైగా నడుస్తాడు. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాడో ముందే చూసుకోకపోతే సరిగ్గా ఎర్రబడే వేళకి ఫ్రేములోంచి నడిచి వెళ్లిపోతాడు.

సెల్‌ఫోను ఒక్కటే ఉన్నవాళ్లు నిరాశపడకండి. తెర మీద చంద్రుణ్ణి వేలితో తాకి, పక్కన వచ్చే వెలుగు గీతని కిందికి లాగండి. సున్నపు ముద్ద పోయి గుండ్రం వస్తుంది. బైనాక్యులర్ కంటి గొట్టానికి ఫోను లెన్సు ఆనించి తీస్తే మచ్చలు కూడా వస్తాయి, కాకపోతే ఒకరు పట్టుకోవాలి, ఒకరు నొక్కాలి. కొన్ని ఫోన్లు చంద్రుణ్ణి గుర్తుపట్టి లేని మచ్చలు తామే పూరించి అందంగా చూపిస్తాయి. అది ఫోను వేసిన బొమ్మ, మీరు తీసిన ఫొటో కాదు. నాకు మీ మసక ఫొటోయే ముద్దు.

బొమ్మలంటే గుర్తొచ్చింది. గ్రహణం తెల్లారేసరికి చార్మినార్ మినార్ల నడుమ బండి చక్రమంత ఎర్ర చంద్రుడి ఫొటోలు ఫోన్లలో తిరుగుతాయి. కాస్త ఆలోచించండి. సెప్టెంబరు 7న ఎర్రబడ్డ వేళంతా చంద్రుడు అరవై డిగ్రీల పైనే ఉన్నాడు. కట్టడం వెనక అంత పెద్దగా కనిపించాలంటే దూరం నుంచి పెద్ద లెన్సుతో తీయాలి, చంద్రుడు నేలకి దగ్గరగా ఉండాలి. ఆ రాత్రి చార్మినార్ కాళ్ల దగ్గర నిలబడి తల పూర్తిగా ఎత్తినవాడికే రెండూ ఒకచోట కనిపించే వీలుంది, అదీ చంద్రుడు చుక్కంత. పెద్దవిగా వచ్చినవన్నీ అతుకులే.

కట్టడమో సముద్రమో చంద్రుడితో కలిసి ఫొటోలో రావాలంటే గ్రహణంతో ఉదయించే చంద్రుడు కావాలి. 2018 జనవరి 31న, 2022 నవంబరు 8న, 2026 మార్చి 3న అలాంటివే వచ్చాయి. మార్చి 3న సంపూర్ణ దశ సాయంత్రం 5.33కే అయిపోయింది, మోక్షం 6.48కి. హైదరాబాదులో చంద్రుడు పొడిచేసరికి మిగిలింది చివరి ముక్కే. తూర్పున ఉన్నందుకు విశాఖ వాళ్లకి మరో పావుగంట అదనంగా దక్కింది. ఇలాంటి వేళ అక్కడి బీచ్‌లో నిలబడితే నీళ్లలోంచి కొరికిన చంద్రుడు లేస్తాడు.

నమ్మకాల జోలికి పోకుండా గ్రహణం కబుర్లు పూర్తికావు. సెప్టెంబరు 7న తిరుమల గుడి తలుపులు దాదాపు పన్నెండు గంటలు మూశారు. అక్కడికి కొద్ది దూరంలోనే ఉన్న శ్రీకాళహస్తిలో మాత్రం, రాహుకేతు క్షేత్రం కనక, గ్రహణవేళా తెరిచే ఉంచుతారు. ఊళ్లలో పళ్లెంలో నీళ్లుపోసి రోకలి నిలబెట్టి, అది నిలబడితే గ్రహణం పట్టినట్టు, పడిపోతే విడిచినట్టు అంటారు. అడుగున పొన్ను సమంగా ఉన్న రోకలి అమావాస్య నాడైనా నిలబడుతుంది, కావలిస్తే రేపే పెట్టి చూడండి. ఆవకాయ మీద దర్భ వేస్తే ఆవకాయకి నష్టం లేదు, మా మేనత్తతో దాని గురించి నేనెప్పుడూ గొడవపడను. కానీ గర్భిణుల్ని గదిలో పెట్టి తలుపులేసి, సూతకమంటూ తొమ్మిది గంటల ముందునుంచీ అన్నం నీళ్లు మానిపించడం మాత్రం ఊరుకోదగ్గది కాదు. గ్రహణంలో చంద్రుడి నుంచి కొత్తగా వచ్చేదేమీ లేదు, ఉన్న వెన్నెలే తగ్గుతుంది. కడుపుతో ఉన్న మనిషిని, అందులోనూ షుగరున్న మనిషిని పస్తుంచితే జరిగే హాని మాత్రం నిజం. పక్కింట్లో అలాంటివాళ్లుంటే వెళ్లి చెప్పండి. వింటే డాబా మీదికి కూడా పిలవండి.

ఔత్సాహికుడి చూపు శాస్త్రానికి పనికొచ్చే చోటు కూడా ఒకటుంది. భూమి నీడ లెక్కలో రావలసినదానికంటే ఓ రెండు శాతం పెద్దగా ఉంటుంది. గాలిపొర చేసే పని అది. గ్రహణానికీ గ్రహణానికీ అది ఎంతో కొలవడానికి, నీడ అంచు ఏ బిలాన్ని ఏ వేళకి దాటిందో రాసుకుంటారు. చిన్న దూరదర్శిని, సెకన్లు చూపే గడియారం, చంద్రుడి పటం చాలు. టైకో, కోపర్నికస్, ప్లేటో, అరిస్టార్కస్ అనే నాలుగు బిలాలు గుర్తుపట్టడం వస్తే మొదలెట్టెయ్యొచ్చు. ఖరీదైన లెన్సు లేదని బాధపడేవాళ్లకి నేను ఈ పనే అప్పగిస్తాను. ఫొటో అందరి దగ్గరా అదే ఉంటుంది, ఈ అంకెలు మీ ఒక్కరివే.

మన ఇంటి నుంచి ఇక ముందుగా కనిపించేవి రెండు. 2028 జులై 6 అర్ధరాత్రి పాక్షిక గ్రహణం, మూడో వంతుకి పైగా మునుగుతాడు. ఆషాఢపు మబ్బు మన్నించాలి. దాన్ని కసరత్తుకి వాడుకోండి. అసలుది ఆ ఏడాది చివర, డిసెంబరు 31న. ఆదివారం, ధనుర్మాసం, మబ్బు లేని కాలం. రాత్రి ఎనిమిదిన్నర దాటాక పట్టు, తొమ్మిది ముప్పావు నుంచి దాదాపు పదకొండు దాకా సంపూర్ణం. చంద్రుడు ఆర్ద్ర నక్షత్రంలో ఉంటాడు కనక ఆ చీకట్లో పక్కనే మృగశిర, ఆర్ద్ర చుక్కలు తేలతాయి, కిందుగా లుబ్ధకం మెరుస్తుంది. వెడల్పు లెన్సుతో అన్నీ ఒక్క ఫొటోలో ఇముడుతాయి. ఇంతకంటే ఎదురుచూడదగ్గ రాత్రి ఈ దశాబ్దంలో నాకు కనబడలేదు. మీ అపార్ట్‌మెంటులో ఆ రాత్రి డాబా మీద డీజే పెట్టకుండా ఉండరు, కనీసం ఆ గంటా పది నిమిషాలు లైట్లు ఆపమని అసోసియేషన్ వాళ్లతో ఇప్పట్నుంచే మాట్లాడి పెట్టుకోండి. గ్రహణం పూర్తిగా విడిచేది మాత్రం 2029లో, పన్నెండు దాటాక ఓ ఆరు నిమిషాలకి.